ఫోన్ ఇంటర్వ్యూలో ముఖం చేసే పని గొంతే చేయాలి

ఇంటర్వ్యూ అనగానే చొక్కా ఇస్త్రీ చేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయల్దేరే రోజే గుర్తొస్తుంది. ప్రైవేటు కొలువుల్లో చాలామందికి అసలు వడపోత అంతకుముందే, ఒక ఫోన్ కాల్‌లో జరిగిపోతుంది. నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో రెజ్యూమె చూసి హెచ్‌ఆర్ వాళ్లు చేసే ఆ కాల్‌ను ‘స్క్రీనింగే కదా’ అని తేలిగ్గా తీసుకోవద్దు. అది దాటితేనే టెక్నికల్ రౌండు.

చెప్పి వచ్చే కాల్‌తో పెద్ద ఇబ్బంది లేదు. చెప్పకుండా వచ్చేదే దెబ్బతీస్తుంది. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుండగా ఫోన్ మోగుతుంది. “ఇప్పుడు మాట్లాడొచ్చా?” అని అవతలి నుంచి అడుగుతారు. కాదంటే అవకాశం పోతుందేమోనని “యస్ మేడమ్” అనేస్తారు. ఇక ఆటో హారన్ల మధ్య “సారీ, మళ్లీ చెప్పండి” అనడంతోనే సరిపోతుంది. వీలు కాదంటే ఇంకో టైమ్ ఇవ్వడానికే ఆమె అలా అడిగింది. “బయట ఉన్నాను మేడమ్, రొదగా ఉంది. అరగంట తర్వాత మాట్లాడదామా?” అంటే ఎవరూ తప్పుపట్టరు. ఫోన్ పెట్టేసే ముందు ఆమె పేరు, కంపెనీ, పోస్టు, ఏ నంబరుకు చేయాలో అడిగి రాసుకోండి. ఆఫీసు బోర్డు లైను నుంచి వచ్చిన కాల్ అయితే, అదే నంబరుకు తిరిగి చేసినా ఆమెకు కలవకపోవచ్చు.

పది చోట్ల అప్లై చేసినవాళ్లకు ఏ కాల్ ఎక్కడిదో గుర్తుండదు. ఏ కంపెనీకి, ఏ పోస్టుకు, ఏ రెజ్యూమె పంపారో ఒక నోటుబుక్కులో రాసి దగ్గర పెట్టుకోండి. ఫోన్‌కు సినిమా పాట హలో ట్యూన్‌గా ఉంటే ఉద్యోగం వెతికినన్నాళ్లూ తీసేయండి.

చోటు సంగతి. డాబా మీద గాలి మైకులో హోరుమంటుంది, మెట్ల దగ్గర మాట ప్రతిధ్వనిస్తుంది. పరుపులు, బట్టలు ఉన్న చిన్న గది మేలు. ఫ్యాన్ తగ్గించండి, స్పీకర్ ఆన్ చేయొద్దు. ఊళ్లో సిగ్నల్ అందని ఇంట్లో వైఫై ఉంటే వైఫై కాలింగ్ పనికొస్తుంది.

మామూలు ఫోన్ లైను మన గొంతులో దాదాపు 300 నుంచి 3400 హెర్ట్‌జ్ మధ్య ఉన్న ధ్వనినే మోసుకెళ్తుంది. ‘ఎస్’నూ ‘ఎఫ్’నూ వేరుచేసి పట్టిచ్చే ధ్వని చాలావరకు అంతకు పైనే ఉంటుంది. వోల్టే (4జీ కాలింగ్) వచ్చాక ఇది మెరుగుపడింది కానీ, అవతల ఆఫీసు లైను పాతదైతే ఆ లాభం మనకు అందదు. అందుకే మెయిల్ ఐడీ చెప్పేటప్పుడు “ఎస్ ఫర్ సికింద్రాబాద్, ఎఫ్ ఫర్ ఫాదర్” అని విడమరచి చెప్పండి. తప్పు ఐడీకి వెళ్లిన ఇంటర్వ్యూ లింకు మీకు ఎప్పటికీ అందదు.

అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాల్సింది మౌనం విషయంలో. ఎదురుగా కూర్చున్నప్పుడు మీరు ఆలోచిస్తున్నారని ముఖమే చెబుతుంది. ఫోన్‌లో నాలుగు సెకన్లు మాట లేకపోతే “హలో, ఉన్నారా?” అంటారు. ఆ ఒక్క మాటతో వచ్చిన జవాబు కూడా చెదిరిపోతుంది. “మంచి ప్రశ్న, ఒక్క క్షణం ఆలోచించి చెబుతాను” అని ముందే అనేస్తే ఆ క్షణం మీదవుతుంది. ఇక రెండో చిక్కు: వాళ్ల ముఖం కనిపించదు కాబట్టి ఎక్కడ ఆపాలో మనకు తెలియదు. ప్రాజెక్టు గురించి అడిగితే కాలేజీలో చేరిన రోజు నుంచి మొదలుపెడతారు కొందరు. ఏం తయారుచేశారు, అందులో మీ వంతు పని ఎంత, చివరికి ఏమైంది... ఇంతే చెప్పి “ఇంకా వివరంగా చెప్పమంటారా?” అని అడగండి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ గురించి బెంగపడి గబగబా మాట్లాడతారు. వేగం వద్దు. చిన్న వాక్యాలు, ఒక్కో వాక్యం పూర్తిగా. స్నేహితుణ్ని పక్క గదిలోంచి ఫోన్ చేయమని, మీ జవాబులు రికార్డు చేసుకుని వినండి. “యాక్చువల్లీ” ఎన్నిసార్లు అన్నారో అప్పుడు తెలుస్తుంది.

ఎదురుగా కాగితం పెట్టుకోవచ్చు, అందులో నాలుగు ముక్కలే ఉండాలి. పూర్తి జవాబు చూసి చదివితే గొంతు ఇట్టే పట్టిస్తుంది, గూగుల్‌లో వెతికితే కీబోర్డు టకటకలు వినిపిస్తాయి. మీ బదులు వేరొకరితో మాట్లాడించే ప్రాక్సీల జోలికి అసలు పోవద్దు. తర్వాతి రౌండు వీడియోలోనో ముఖాముఖిగానో ఉంటుంది, అక్కడ బయటపడితే ఆ కంపెనీ తలుపు మూసుకున్నట్టే.

జీతం ప్రశ్న చాలాసార్లు ఈ కాల్‌లోనే వస్తుంది. వాళ్లు చెప్పే సీటీసీ అంటే చేతికొచ్చే జీతం కాదు. యజమాని వాటా పీఎఫ్, కొన్నిచోట్ల గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపి చూపిస్తారు. ఏడాదికి 6 లక్షలన్నారని నెలకు 50 వేలు లెక్కేసుకోకండి. ఫ్రెషర్లు “ఈ పోస్టుకు మీరు అనుకున్న రేంజ్ ఎంత?” అని తిరిగి అడగొచ్చు. అనుభవం ఉన్నవాళ్లు ఇప్పటి జీతం, నోటీస్ పీరియడ్ ఉన్నదున్నట్టు చెప్పాలి. పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఎలాగూ అడుగుతారు.

ఫోన్‌లోనే ఉద్యోగం ఖాయమని చెప్పి రిజిస్ట్రేషన్‌కో ల్యాప్‌టాప్‌కో డబ్బు కట్టమంటే వెంటనే కాల్ కట్ చేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాల్ ముగించే ముందు తర్వాతి రౌండు ఏమిటి, ఎప్పటిలోగా చెబుతారు అని అడగండి. ఆ సాయంత్రమే కృతజ్ఞతలు చెబుతూ రెండు వాక్యాల మెయిల్ పంపండి. వాళ్లు చెప్పిన గడువు దాటితే మరో మెయిల్ చాలు, రోజూ ఫోన్ చేయొద్దు.