కనిపించని సొరచేప



మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మా గదిలో నన్ను సినిమా కథ చెప్పమన్నారు. సెలవుల్లో చూసిన కొత్త సినిమా ఎత్తుకున్నాను. ఫైటింగులు చెప్పాను, పేలిన కార్లు చెప్పాను. సగంలో ఆగిపోయాను. తర్వాత ఏమైందో గుర్తు రాలేదు! చూసి నెల కూడా కాలేదు. అందరూ నవ్వారు. అప్పుడు రెండేళ్ల కిందట మా మామయ్య ఇంట్లో టీవీలో చూసిన ‘జాస్’ కథ చెప్పాను. ఒక్క సీను మరచిపోలేదు. మర్నాడు చిన్న క్లాసు పిల్లలు వాగులో దిగడానికి భయపడ్డారు. ఇలా ఎందుకైందని చదివి తెలుసుకున్నది రాస్తున్నాను.

‘జాస్’ అంటే దవడలు. అమెరికాలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీశాడు. ఒక దీవి దగ్గర సొరచేప మనుషుల్ని తింటూ ఉంటుంది. అందుకోసం మరచేపలు చేయించారు. అవి ఉప్పునీళ్లలో మాటిమాటికీ చెడిపోయేవి. 55 రోజులనుకున్న షూటింగు 159 రోజులు పట్టింది. చేప లేకపోతే ఏం చేస్తాడు? నీళ్లమీద పరుగెత్తే పసుపు పీపాలు చూపించాడు. జాన్ విలియమ్స్ రెండు స్వరాలతో భయపెట్టాడు. గంట దాటేదాకా చేప సరిగ్గా కనబడదు. ఈలోగా మనమే మనసులో ఒక చేపని తయారు చేసుకుంటాం. మనం చేసుకున్నదాన్ని ఎలా మరచిపోతాం?

ఇక వ్యాపారం సంగతి. అప్పట్లో అక్కడ పెద్ద సినిమాల్ని ముందు పట్నాల్లో కొన్ని హాళ్లలోనే వేసేవారు. బాగుందనే మాట పాకాక మిగతా ఊళ్లకు పంపేవారు. ఒకేసారి అన్నిచోట్లా వేసేది ఎక్కువగా నాసిరకం సినిమాల్నే. బాగాలేదనే మాట పాకేలోపు డబ్బు రాబట్టుకోవాలి కదా. సంతలో పుచ్చు వంకాయలు పొద్దున్నే అమ్మేసినట్టు! ‘జాస్’ మంచి సినిమా. అయినా టీవీలో దేశమంతా ప్రకటనలిచ్చి, 1975 జూన్ 20న 409 హాళ్లలో ఒకేసారి వేశారు. అంతవరకు ఏ సినిమాకూ రానంత డబ్బు వచ్చింది.

కంపెనీలు చెడిపోయిన చేప నుంచి ఏమీ నేర్చుకోలేదు. 409 అనే అంకె నుంచి నేర్చుకున్నాయి. 1977లో ‘స్టార్ వార్స్’ మొదటిరోజు 32 హాళ్లలోనే ఆడి, తర్వాత ‘జాస్’నే దాటింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ అమెరికా, కెనడాల్లో 4,600కు పైగా హాళ్లలో ఒక్కసారే దిగింది. ఇప్పుడు మొదటి మూడు రోజుల వసూళ్లే ముఖ్యం. అలాంటప్పుడు చేపని ఎవరు దాస్తారు? ట్రైలర్లోనే చూపించేస్తారు.

పెద్ద సినిమాలన్నీ మరపుకొస్తాయని నేననను. 2015 జులైలో ‘బాహుబలి’ చూసినవాళ్లు 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప ఎందుకు చంపాడని అడుగుతూనే ఉన్నారు. అదీ దాచిన చేపే.

నెలాఖరు ఆదివారం ఏ సినిమా వెయ్యాలో చీటీలు వెయ్యమన్నారు సారు. నేను ‘జాస్’ అని రాశాను. వేస్తే మాత్రం చిన్నపిల్లల వాగు స్నానాలు అయ్యాక వెయ్యాలని మనవి.

– 9వ తరగతి విద్యార్థి