ఎంసీబీ మార్చితే వైరు లావెక్కదు

ప్రశ్న: మాది పాతికేళ్ల కిందటి ఇల్లు, రెండు కిలోవాట్ల సర్వీసు. ఈ ఏడాది రెండో ఏసీ పెట్టించాం. రెండు ఏసీలూ, ఇండక్షన్ పొయ్యీ నడుస్తుండగా మోటారు వేస్తే కాసేపటికి మెయిన్ ఎంసీబీ పడిపోతోంది. 25 తీసేసి 40 వేద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్. లోడు పెంచమని దరఖాస్తు పెడితే బిల్లు పెరుగుతుందనీ, పథకాలు ఆగిపోతాయనీ ఇంట్లో భయపడుతున్నారు.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 40 మాట ఇంకోసారి ఎత్తనివ్వకండమ్మా. ఎంసీబీ పెట్టేది గోడలో ఉన్న వైరును కాపాడటానికి. టన్నున్నర ఏసీలు రెండూ కలిపి మూడు కిలోవాట్ల పైమాటే. పొయ్యికి రెండు, ఒక హెచ్‌పీ మోటారుకు దాదాపు ఒకటి, ఫ్రిజ్జూ ఫ్యాన్లూ లైట్లకు ఇంకొకటి. మొత్తం ఏడు దాటింది. 230 వోల్టుల దగ్గర అది 30 ఆంపియర్ల పైనే. 25 ఆంపియర్ల ఎంసీబీ పడిపోయిందంటే దాని పని అది చేసిందన్నమాట. మీ మెయిన్‌కి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉంటే, గోడలో పైపు లోపల దాని శక్తి ఇంచుమించు అంతే. కరెంటు 25 నుంచి 40కి పెరిగితే వైరులో వేడి రెండున్నర రెట్లవుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది మరి. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది. రోహిణి కార్తెలో స్లాబులోని పైపు ముందే కాగి ఉంటుంది. 40 వేశాక ఎంసీబీ పడదు, తొడుగు పెళుసెక్కుతుంది, ఏదో ఒక జాయింటు దగ్గర కమురు వాసన వచ్చాక గానీ తెలియదు.

ఇక భయాల సంగతి. ఇప్పుడున్న టారిఫ్‌లో ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జి కిలోవాట్‌కు నెలకు పది రూపాయలు. రెండు కిలోవాట్లను ఏడు చేయించుకుంటే పెరిగేది యాభై. పథకాలకు చూసేది నెలకు 300 యూనిట్ల వాడకాన్ని. ఆ యూనిట్లు పెంచేది ఏసీయే గానీ దరఖాస్తు కాదు. ‘డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్ కట్టాలిగా’ అంటారు. కట్టాలి, కానీ ఒక్కసారే. పైగా డిపాజిట్ మీ పేరునే ఉంటుంది. ‘ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదుగా’ అనేవాళ్లూ ఉన్నారు. మీరు ఒకేసారి ఎంత లాగారో ఇప్పటి మీటరు రాసుకుంటుంది, దాన్ని చూసే నోటీసులిస్తారు. అసలు నష్టం వేరే ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ సైజు రాసుకున్న లోడును బట్టి లెక్కవేస్తారు. వీధంతా రెండేసి కిలోవాట్లని రాయించుకుని ఏడేసి లాగితే మే నెల రాత్రి వోల్టేజీ పడిపోతుంది, మోటారు మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ మాడ్చుకుంటుంది. అప్పుడు మనం లైన్‌మేన్‌ని తిడతాం.

కాబట్టి ముందు మీ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కు దరఖాస్తు పెట్టండి, త్రీఫేజ్ అడగండి. ఆ తర్వాత సర్వీసు వైరు, మీటరు నుంచి మెయిన్ వైరు, ఏసీలకూ పొయ్యికీ విడివిడి లైన్లు, చివర డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు). రెండు ఏసీలనూ వేర్వేరు ఫేజుల మీద వేయమనండి. ఎంసీబీ ఎంతదో వైరు సైజు చూశాకే నిర్ణయించాలి.

ప్రశ్న: మా నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎర్తింగ్ దానంతటదే బాగుంటుందిగా? ప్లగ్గులో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేశారు, పర్వాలేదా?
– నరసాపురం

జవాబు: తడి నేల ఎర్తింగ్‌కు మంచిదే. కానీ సముద్రం దగ్గర ఉప్పునీటికి జీఐ పైపు తొందరగా తుప్పు పడుతుంది. పైన క్లిప్పు మెరుస్తూనే ఉంటుంది, కింద పైపు ఉండదు. ఏటా ఎండల ముందు కొలిపించండి. ఇక ఆ ముడి ఈ రోజే విప్పించండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్జు ఒళ్లంతా ఫేజే. ఎర్త్‌కు వేరే వైరు లాగించి, డీబీలో లీకేజీ కరెంటును పసిగట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ ఉందిగా అనకండి, మనిషి ప్రాణం తీసే కరెంటు దాని లెక్కలోకే రాదు.

ప్రశ్న: కొత్త డీబీ ఎంత ఎత్తులో పెట్టాలి?
– లంక గ్రామం, కోనసీమ

జవాబు: 1986 వరదలోనో, 2022 వరదలోనో గోదారి మీ గోడ మీద ఎంతవరకు వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, దానికి పైన.