ట్రాలీ ఇరుసు – పరీక్ష, సవరణ

జనగామ పత్తి గాని, మహబూబాబాద్ మిరప గాని, భూపాలపల్లి వరి గాని పొలం నుండి మార్కెట్టుకు చేరడానికి ట్రాక్టరు ట్రాలీయే ప్రధానాధారం. ట్రాక్టరు ఇంజనును శ్రద్ధగా చూచుకొనే రైతు కూడ ట్రాలీ ఇరుసును అంతగా పట్టించుకోడు. ఇరుసు ఒక పక్కకు జరిగితే ట్రాలీ వెనుక భాగం దారికి అడ్డంగా ఒరుగుతూ నడుస్తుంది. 163వ జాతీయ రహదారి వంటి రద్దీ మార్గాలలో, రాత్రివేళ, ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారునికి ఇది ప్రాణాపాయం.

జోడు ఇరుసుల ట్రాలీకి మరొక నష్టం ఉన్నది. రెండు ఇరుసుల మధ్య ఒక్క డిగ్రీ భేదమున్నచో, కిలోమీటరు దూరంలో వాటి మార్గాలు దాదాపు 17 మీటర్లు ఎడం కావలసి ఉంటుంది. ఫ్రేము వాటిని విడిపోనీయదు. కనుక ఆ మేరకు టైర్లు రోడ్డుపై పక్కకు రాచుకొని అరిగిపోతాయి.

పరీక్షా విధానం

పరీక్షకు ఆధారం పాఠశాలలో చదివిన సమద్విబాహు త్రిభుజమే. ఖాళీ ట్రాలీని సమతల నేలపై నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇరువైపుల టైర్లలో గాలి సమానం చేయాలి. ట్రాక్టరుకు తగిలించే రింగు మధ్యబిందువు నుండి ఇరుసు రెండు కొనలకు ఇనుప టేపుతో కొలవాలి. రెండు కొలతలు సమానమైతే ఇరుసు నిలువుగా ఉన్నట్లే. భేదం 3 మిల్లీమీటర్లు మించకుండుట మేలు. నాలుగు చక్రాల ట్రాలీలో ముందు ఇరుసు తిరుగుతుంది గనుక, అది తిరిగే కేంద్రం నుండి వెనుక ఇరుసు కొనలకు కొలవాలి. జోడు ఇరుసులైతే ముందుదానిని సరిచూచిన పిదప, రెండింటి మధ్య దూరం ఇరుపక్కల సమానమో కాదో చూడాలి.

సవరణ

మొదట కారణం వెదకాలి. ఉర్దూలో విల్లును కమాన్ అంటారు. విల్లు వలె వంగిన స్ప్రింగు పట్టీలకు మన మిస్త్రీలు కమాన్ కట్టలని పేరిడినారు. ఆ కట్టలో మధ్య బోల్టు తెగినా, పట్టీ విరిగినా, యూ-బోల్టులు వదులైనా ఇరుసు జరుగుతుంది. పాడైన భాగాన్ని మార్చి, యూ-బోల్టులు వదులుచేసి, మధ్య బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో కూర్చొనే వరకు ఇరుసును జరపాలి. అటుపిమ్మట నట్లను ఒకదాని కెదురుగా మరొకటి, కొద్దికొద్దిగా, సమంగా బిగించి మరల కొలవాలి. మొదటి లోడు దింపిన తరువాత ఆ బిగింపును మరొకసారి చూడాలి. ఇరుసే వంగినచో దానిని మార్చుటే క్షేమం. పైకెత్తిన ట్రాలీ తొట్టి క్రింద, గట్టి ఆధారం లేకుండా, ఎవరూ దూరరాదు.

మన విద్యార్థులలో రైతుబిడ్డలు, మిస్త్రీల బిడ్డలు అనేకులు. ఒక టేపు, ఇద్దరు మనుషులు, పావుగంట కాలం చాలును. పంటకోతలకు ముందు ప్రతి ఇంట ఈ కొలత తీసినచో, చదివిన రేఖాగణితం టైరునూ కాపాడుతుంది, దారిన పోయే మనిషినీ కాపాడుతుంది.