పని హామీ: అర్జీ, కొలత, అదను

మన పాల్వంచ అడవి యంచు గ్రామములలో రైతు వేరు, కూలి వేరు కాదు. రెండు మూడెకరముల మెట్ట కలవాడు వానకాలమున తన చేనికి రైతు. వేసవిలో పరుల పనికి పోవు కూలి. కావున ఉపాధి హామీ మనకు సంబంధింపని విషయమని సంఘ సభ్యు లుపేక్షింపరాదు.

ఇట్టి హామీని మహారాష్ట్ర ప్రభుత్వము 1972లో ఆరంభించి, 1977లో శాసనము చేసెను. దేశమున కంతకు వర్తించు చట్టము 2005లో వచ్చినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో దానిని ప్రారంభించిరి. తొలి విడత 200 జిల్లాలలో నాటి ఖమ్మము జిల్లాయు చేరెను. ఆ చట్టము ఏటికి కుటుంబమునకు నూరు దినముల పని నొసగెనని పలువురు చెప్పుదురు. నిజమునకు అది అడిగిన వారికే యొసగెను. అర్జీ యిచ్చిన 15 దినములలో పని చూపవలెను. చూపనిచో తొలి 30 దినములకు కూలిలో నాలుగవ వంతుకును, పిమ్మట సగమునకును తగ్గకుండ భృతి చెల్లింపవలెను. అయితే మేటును నోటిమాటగా పని యడిగి వచ్చినచో, ఆ 15 దినములు ఎన్నడు మొదలైనట్లు? తేదీ వేసిన రసీదు లేనివానికి భృతి నడుగుటకు ఆధారమే లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టమునకు బదులుగా 125 దినముల క్రొత్త శాసనము నామోదించినది. దినములు పెరిగినను రసీదుతోడి యవసరము తగ్గలేదు.

ఇక కొలత. మట్టిపనిలో హాజరు మాత్రమే చాలదు. త్రవ్విన ఘనపు మీటర్లను బట్టి కూలి లెక్క కట్టుదురు. పదిమంది కలిసి 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు త్రవ్విరనుకొందము. అది 10 ఘనపు మీటర్లు. లోతును 40 సెంటీమీటర్లుగా వ్రాసినచో 8 మాత్రమే యగును. బెత్తెడు తేడాకు ఐదవ వంతు కూలి పోయినది! గట్టి మొరమునకును మెత్తని మన్నుకును ధర యొక్కటి కాదు గాన, నేల రకమును పుస్తకమున ఏమని వ్రాసిరో యదియు చూడవలెను. గుంటలో అక్కడక్కడ మట్టిదిమ్మలను త్రవ్వక విడిచినచో అసలు నేలమట్టమునకు అవియే సాక్ష్యము. కొలుచునప్పుడు చదువు వచ్చిన యొకరిద్దరు దగ్గర నిలిచి అంకెలు వ్రాసికొనవలెను. చదువు రానివారు కొయ్యపై గాటు పెట్టుకొనినను చాలును.

కూలీలు దొరకుట లేదని రైతులు చేయు ఫిర్యాదు కొంత నిజమే. దోషము హామీది కాదు, అదను చూడని వారిది. పత్తి తీయు వేళ, మిరప కోయు వేళ చెరువు పని పెట్టుట తెలివి కాదు. క్రొత్త శాసనము సేద్యపు అదనులో ఏటికి 60 దినముల వరకు పనులు నిలుపుటకు అవకాశ మిచ్చినది. రైతునకు ఇది మేలే. కాని ఆ దినములలో మనము కూలి తగ్గించినచో సెంటు భూమి లేనివానికి వేరు దిక్కు లేదు. ఆ రేటును సంఘమునందే ముందుగా న్యాయముగా నిర్ణయించుకొనుట మంచిది.

మన వైపు మార్చి వచ్చెనన్న ఇప్పపువ్వు, ఏప్రిలు మే మాసములలో తునికాకు. ఆకు కోత ముగిసిన పిమ్మట తొలకరికి ముందున్న కొలది దినములే చెరువు పూడిక తీయుట కనువైనవి. అర్జీలు అంతకు 15 దినములు ముందుగనే పంచాయతీకి చేరవలెను. తీసిన పూడికమన్ను ఏయే చేలకు పోవలెనో గ్రామసభలోనే వ్రాయించుకొనవలెను.