ముందు ప్రశ్న, ఆ తర్వాతే పీహెచ్‌డీ

తార్నాక,
హైదరాబాద్.

చిరంజీవి చిన్నికి,

నీకు పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చిందన్న కబురు పిన్ని ఫోన్‌లో చెప్పింది. మన ఇళ్ళలో చరిత్ర చదువుతానన్న ఆడపిల్లకు ఎన్ని ప్రశ్నలు ఎదురవుతాయో నాకు తెలుసు కాబట్టి, ఆ సంతోషం నాకు రెండింతలు. ఆ వెంటనే నీ ఉత్తరమూ అందింది. మూడు సంగతులు అడిగావు. ‘చీరాల–పేరాల ఉద్యమం: ఒక సమగ్ర పరిశీలన’ అనే అంశం బాగుంటుందా? గైడును ఎలా ఎంచుకోవాలి? ఇన్నేళ్ళు చదివితే ఉద్యోగం వస్తుందా అని బాబాయి అడిగితే ఏం చెప్పాలి?

అంశం దగ్గరే మొదలుపెడతాను. అది సరిగ్గా కుదిరితే మిగతా రెండూ సగం తేలికవుతాయి.

చీరాల–పేరాల కథ తెలియని చరిత్ర విద్యార్థులు మన దగ్గర ఉండరు. 1919లో ఆ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు పెరిగింది. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. ఆ పన్నుకు ఒప్పుకోక, ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి, ఊరి బయట రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. ఇంతవరకూ ప్రతి పుస్తకంలోనూ ఉంది. నువ్వు ‘సమగ్ర పరిశీలన’ అని పేరు పెట్టుకుంటే ఏమవుతుందో ఇప్పుడే చెబుతాను. మొదటి అధ్యాయంలో జిల్లా భౌగోళిక స్వరూపం, రెండో దానిలో జాతీయోద్యమ నేపథ్యం, మూడోదానిలో గోపాలకృష్ణయ్య జీవితం, నాలుగోదానిలో అందరూ రాసిన ఉద్యమ కథ, చివర ముగింపు. డిగ్రీ వస్తుంది. బైండు చేసిన ప్రతి లైబ్రరీ బీరువాలో చేరుతుంది. తర్వాత వచ్చేవాళ్ళకు దానితో పని ఉండదు.

మీ అమ్మమ్మగారి పుట్టిల్లు పేరాల, వాళ్ళది నేత కుటుంబం. నీకు గుంట మగ్గం తెలుసు. ఇంట్లో నేల తవ్వి, గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసే మగ్గం అది. దాన్ని భుజాన వేసుకుని పాకలోకి పోవడం కుదరదు. మరి ఊరు ఊరంతా కదిలినప్పుడు నేతగాళ్ళు ఏం చేశారు? రామనగర్‌లో కొత్త గుంటలు తవ్వుకున్నారా? పగలు పాత ఇంటికి వచ్చి నేసి, రాత్రికి పాక చేరారా? నూలు ఎవరిచ్చారు, మజూరీ ఎవరు కట్టారు? సావుకార్లు ఉద్యమానికి అండగా నిలిచారా, తిరిగి పొమ్మని ఒత్తిడి తెచ్చారా? నాయకుడు అరెస్టయ్యాక కూడా జనం అన్ని నెలలు నిలబడటానికీ, చివరికి ఇళ్ళకు మళ్ళడానికీ మగ్గానికీ ఏమైనా సంబంధం ఉందా?

ఇదీ ప్రశ్న అంటే. జవాబు నీకూ తెలియదు, నీ గైడుకూ తెలియదు. ఏ పుస్తకంలోనూ సిద్ధంగా దొరకదు. కానీ వెతకడానికి తావులున్నాయి. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికల కోసం దేశదేశాల పరిశోధకులు వచ్చే చోటు అది. 1914 నుంచి దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక, బందరు నుంచి వచ్చిన కృష్ణాపత్రిక ఆ రోజుల్లో ఉద్యమ వార్తలు వేసేవి. చీరాల అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కూ వెళ్ళాలి. అక్కడ ప్రతి శాఖకూ ఏడాదివారీ ఇండెక్సు ఉంటుంది. అందులో ఊరి పేరో, మునిసిపాలిటీ అన్న మాటో పట్టుకుని జీవో నంబరు రాసుకుని, చీటీ నింపి ఇస్తే ఫైలు తెచ్చిస్తారు. అచ్చయిన ఉత్తర్వు చదివి ఊరుకోకు. దానికి దారితీసిన కలెక్టర్ ఉత్తరం, కింది ఉద్యోగుల నివేదికలు, జనం పెట్టుకున్న అర్జీలు ఏమున్నాయో చూడు. కలెక్టర్ తన కొలువు కోసం రాసుకున్నాడు, అర్జీదారు తన పన్ను తగ్గించుకోవడానికి రాసుకున్నాడు. ఎవరు ఎందుకు రాశారో గుర్తుపెట్టుకుని చదివితేనే ఆ కాగితం నీకు పనికొస్తుంది.

ఊళ్ళో పెద్దవాళ్ళతోనూ మాట్లాడు. అయితే ఒక జాగ్రత్త. ఆ పదకొండు నెలలూ చూసినవాళ్ళు ఇవాళ లేరు. నీకు దొరికేది మనవలకు చేరిన జ్ఞాపకం. దాన్ని 1921కి ప్రత్యక్ష సాక్ష్యంగా వాడకు. ఆ ఇల్లు దేన్ని గుర్తుంచుకుంది, దేన్ని విడిచిపెట్టింది అని చెప్పడానికి వాడు. సాక్ష్యానికీ జ్ఞాపకానికీ రెంటికీ విలువ ఉంది, కానీ ఆ విలువ ఒకటి కాదు.

నోట్సు రాసుకోవడం మొదటిరోజు నుంచే కట్టుదిట్టంగా ఉండాలి. ఒక్క వాక్యం ఎత్తిరాసే ముందు ఆర్కైవ్ పేరు, శాఖ, జీవో నంబరు, తేదీ, పేజీ పైన రాసి, ఆ తర్వాతే వాక్యం రాయి. వాళ్ళ మాటలు కొటేషన్లలోనే పెట్టు, నీ వ్యాఖ్య వేరే రంగు సిరాతో రాయి. ఫోన్‌తో ఫొటోలు తీయనిచ్చే చోట తీసుకో, కానీ ఆ సాయంత్రమే ప్రతి ఫొటోకూ ఫైలు నంబరుతో పేరు పెట్టు. నాలుగేళ్ళ తర్వాత అధ్యాయం రాసేటప్పుడు ఈ అలవాటే నిన్ను కాపాడుతుంది. ఇతరుల రాతను తెలియకుండా నీదిగా వాడేసే ప్రమాదం నుంచి కూడా ఇదే కాపాడుతుంది. సబ్‌మిషన్‌కు ముందు సాఫ్ట్‌వేర్‌తో పోలిక చూస్తారు. పది శాతం లోపు ఉండాలని యూజీసీ 2018 నిబంధన. ఆ పది శాతం కోసం వాక్యాలు అటూ ఇటూ తిప్పే పాట్లు నీకు వద్దు.

మన భాషలో నిలిచిన పరిశోధనలు ఎలా పుట్టాయో చూడు. బిరుదురాజు రామరాజు గారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఉస్మానియాకు ఇచ్చిన పీహెచ్‌డీ గ్రంథమే. పల్లెల్లో పాడేవాళ్ళ దగ్గర పాటలు సేకరించకుండా అది వచ్చేది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియాలో తెలుగు ధాతువుల మీద పీహెచ్‌డీ చేసి వచ్చాక, జిల్లా జిల్లాలో రైతుల నోటి మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. దాని వెనకే నేత పనివాళ్ళ మాటలకూ ఒక కోశం వచ్చింది. అది నీ బల్ల మీద ఉండాల్సిన పుస్తకం.

ఇక గైడు. పేరు ప్రతిష్ఠలు చూసి తొందరపడకు. సిద్ధాంత గ్రంథాలుంచే శోధగంగ వెబ్‌సైట్‌లో ఆయన దగ్గరో, ఆమె దగ్గరో పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు రెండు తెరిచి చదువు. వాటిలో కొత్త ఆధారం కనిపిస్తోందా, పైన చెప్పిన ఐదు అధ్యాయాల మూసే కనిపిస్తోందా? తర్వాత ఇప్పుడున్న స్కాలర్లను విడిగా కలిసి ఒకటే అడుగు: అధ్యాయం ఇస్తే ఎన్నాళ్ళకు దిద్ది ఇస్తారు? నెల అన్నారంటే మంచి గైడు. ‘చదవరమ్మా, సంతకం మాత్రం పెడతారు’ అన్నారంటే ఇంకో తలుపు తట్టు. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లు మించకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ళు లేనివారు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. చిన్న హోదాలో ఉన్నా చదివి దిద్దే గైడే నీకు మేలు. గైడు ఇంటి పనులు, బ్యాంకు పనులు నీ పరిశోధనలో భాగం కావు. మర్యాదగా, మొదటిసారే కుదరదని చెప్పు. అంతకు మించి ఇబ్బంది ఎదురైతే ఒంటరిగా మోయకు. ప్రతి విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, నేనూ ఉన్నాను.

డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా 42,000, మొత్తం ఐదేళ్ళు. పుస్తకాలకూ ప్రయాణాలకూ కంటింజెన్సీ ఏడాదికి 10,000, తర్వాత 20,500. ఎగ్మూరు ప్రయాణాలకు అదే ఆధారం, బిల్లులు భద్రం చేసుకో. ఫెలోషిప్ ఒకటో తారీఖున పడే జీతం లాంటిది కాదు. నెలనెలా ధ్రువీకరణ వెళ్ళాలి, ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది. నాలుగు నెలల ఖర్చు ఎప్పుడూ పక్కన పెట్టుకో. ఈ ఫెలోషిప్ దొరకని నీ తోటివాళ్ళకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో వచ్చేది నెలకు 8,000 మాత్రమే. అందుకే నీకు దొరికిన ఈ ఐదేళ్ళను మూసలో పోసి పోగొట్టుకోవద్దని ఇంత గట్టిగా చెబుతున్నాను.

గడువు ఆరేళ్ళు, అవసరమైతే రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ళు. ఆడవాళ్ళకు ఆ పైన ఇంకో రెండేళ్ళ వెసులుబాటు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. ఈ సంగతి పిన్నికి చెప్పు. పెళ్ళి మాట వచ్చినప్పుడు ‘చదువు మానెయ్యి’ అనడానికి కారణమే మిగలదు. సబ్‌మిషన్‌కు ముందు పత్రికల్లో వ్యాసాలు అచ్చవ్వాలన్న నియమాన్ని 2022 నిబంధనల్లో యూజీసీ తీసేసింది. మీ విశ్వవిద్యాలయం ఇంకా అడుగుతుందేమో ఆఫీసులో కనుక్కో. డబ్బు కడితే వారంలో అచ్చేసే పత్రికల జోలికి మాత్రం పోకు. రేపు ఉద్యోగ ఇంటర్వ్యూలో అవి నీ పరువు తీస్తాయి.

బాబాయి ప్రశ్నకు నిజమే చెప్పు. పీహెచ్‌డీ ఉద్యోగానికి హామీ కాదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఏళ్ళ తరబడి భర్తీ కావడం లేదు, గెస్టులుగా, కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేవాళ్ళు ఎందరో ఉన్నారు. అయినా నువ్వు వట్టి చేతులతో మిగలవు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు కావలసిన నెట్ అర్హత నీకు ఇప్పటికే ఉంది. డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్ వస్తే పరీక్ష రాయి, పరిశోధన పాడవుతుందని మానుకోకు. మూడో ఏడు చివర కూర్చుని లెక్క చూసుకో: ఆధారాలు దొరికాయా, రెండు అధ్యాయాలు రాశావా, గైడు చదివారా? మూడింటికీ లేదనే జవాబు వస్తే దారి మార్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆ మాట ఇంట్లో నేనే చెబుతాను.

సిద్ధాంత గ్రంథం ఇంగ్లీషులో రాసినా, దాని సారం తెలుగులో పుస్తకంగా రావాలి. పన్నుకు తలొగ్గక, ఇళ్ళు విడిచి, పాకల్లో బతికినవాళ్ళ ఊళ్ళోవాళ్ళు చదువుకునేలా రాయడం కూడా నీ పనే.

పీహెచ్‌డీ ప్రవేశ ఇంటర్వ్యూ లోగా ఒక పని చెయ్యి. ఒక్క పేజీ రాసి నాకు పంపు. నీ ప్రశ్న మూడు వాక్యాల్లో, దానికి ఆధారం దొరకగల చోట్లు, ఇంతకు ముందు దీని మీద రాసినవాళ్ళు చెప్పినవీ వదిలేసినవీ. ముందు ఒక్కసారి వేటపాలెం వెళ్ళి, 1921 నాటి పత్రికలు ఏ నెల నుంచి ఏ నెల వరకు ఉన్నాయో చూసి మరీ రాయి. ఆ పేజీ చేతిలో ఉంటే ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందైనా నువ్వు తడబడవు. గైడు ఎవరో కూడా ఆ పేజీ చూసే నిర్ణయిద్దాం.



ఇట్లు,
మీ అక్క