ఇంట్లో మాట, వీధిలో పాట

పన్నెండేళ్ళ వయసులో విజయవాడలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో వడ్డించే ఆయన "పప్పు వెయ్యనా బాబూ?" అంటే "వద్దండీ, ఉండాది" అన్నాను. పక్కవాళ్ళు నలుగురూ నవ్వారు. "ఏ ఊరు మీది?" అని అడిగారు. కోయంబత్తూరు అని చెప్పి తలవంచుకుని తిన్నాను. ఆ తర్వాత రెండు రోజులూ అక్కడ నోరు విప్పితే ఒట్టు. ఇటు బళ్ళో చూస్తే నా తమిళ ఉచ్చారణను సరిదిద్దే స్నేహితులు. రెంటికీ చెడ్డ రేవణ్ణని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కోయంబత్తూరు, మధుర చుట్టుపక్కల పుట్టిన తెలుగు పిల్లల్లో ఈ సిగ్గు తెలియనివాళ్ళు తక్కువ. నాయక రాజుల కాలం నుంచి, అంటే పదహారో శతాబ్దం నుంచి, మనవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మిల్లులు పెట్టినవాళ్ళున్నారు, నల్లరేగడిలో పత్తి పండించినవాళ్ళున్నారు, ఈ నగరాల వీధులు ఊడ్చి శుభ్రం చేస్తున్న అరుంధతీయులున్నారు. అందరిదీ ఇంట్లో తెలుగే, రాత మాత్రం తమిళం. మన తెలుగుకు చాలా ఇళ్ళలో అక్షరం లేదు, నోరే ఉంది.

ఆ నోటితో ఏం చెయ్యొచ్చో ఆలోచించినప్పుడల్లా నాకు మా ఊరి కుర్రాడొకడు గుర్తొస్తాడు. ఆదిత్య రామచంద్రన్ వెంకటపతి. హిప్‌హాప్ తమిళా ఆది అంటే అందరికీ తెలుసు. 1990లో కోయంబత్తూరులో పుట్టాడు, ఇంజనీరింగ్ చదివాడు. జీవాతో కలిసి కట్టిన జట్టుకు పెట్టుకున్న పేరు చూడండి. తమిళా అంటే 'ఓ తమిళుడా' అని పిలుపు. హిప్‌హాప్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో నల్లజాతి కుర్రాళ్ళ వేడుకల్లో పుట్టిన కళ. దాన్ని తెచ్చుకుని, దాని నెత్తిన తమిళాన్ని కూర్చోబెట్టాడు. అంతకు ముందే మలేషియాలో యోగి బి జట్టు 2006లో తమిళ ర్యాప్ ఆల్బమ్ తెచ్చి దారి చూపింది. దేశం బయట స్థిరపడ్డ తమిళులు వేసిన దారి అది. ఊరికి దూరంగా ఉన్నవాడికే కొత్తది మొదలుపెట్టే తెగింపు ఎక్కువేమో.

2011లో 'క్లబ్బుల మబ్బుల' పాట ఇంటర్నెట్‌లో ఊరూరా పాకింది. ఆ పాట నాకు నచ్చదు. ఆడపిల్లల తాగుడునూ తిరుగుడునూ తప్పుపట్టే ఆ ధోరణిని అప్పుడే చాలామంది విమర్శించారు, అది న్యాయమైన విమర్శే. అయితే ఒక్క పాటతో వచ్చిన పేరును పట్టుకుని ఆది అక్కడే కూర్చోలేదు. 2012లో 'హిప్‌హాప్ తమిళన్' ఆల్బమ్ తెచ్చాడు. 2015లో 'ఆంబళ'తో సంగీత దర్శకుడయ్యాడు, అదే ఏడాది 'తని ఒరువన్' చేశాడు. దాని తెలుగు రూపం 'ధృవ'కు కూడా 2016లో అతనే సంగీతం ఇచ్చాడు. 2017లో 'మీసయ మురుక్కు' రాసి, తీసి, నటించి, సంగీతం కూర్చాడు. మీసం మెలెయ్యమని ఆ పేరుకు అర్థం. పాటల పిచ్చిలో పడ్డ ఒక ఇంజనీరింగ్ కుర్రాడి కథ, అంటే తన కథే. ఇంటర్నెట్‌లో పేరు తెచ్చుకున్న కొత్త కుర్రాళ్ళను ఎందరినో అందులో తెరమీదికి తెచ్చాడు. తను ఎక్కిన నిచ్చెనను తన్నెయ్యలేదు. నాకు అతనిలో అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

ఇంకొకటుంది. సినిమాల్లో ఇంత పేరొచ్చాక అతను మళ్ళీ పుస్తకం పట్టాడు. సంగీతంలో సొంతంగా వ్యాపారం నిలబెట్టుకోవడం మీద పరిశోధన చేసి, కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం నుంచి 2023లో డాక్టరేట్ తీసుకున్నాడు. సొంతంగా పాడాలనుకునే పిల్లలు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. ఒక పాటలో రెండు ఆస్తులుంటాయి. మాటా బాణీ ఒక ఆస్తి, రికార్డు చేసిన శబ్దం ఇంకో ఆస్తి. రెండోదాన్ని మాస్టర్ అంటారు. అవసరానికి నాలుగు డబ్బులిస్తే కంపెనీకి రెండూ రాసిచ్చేసి, పాట కోటిసార్లు మోగాక కుమిలిపోయినవాళ్ళు ఉన్నారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాట హక్కు అమ్మేసినా, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో వాటా పోదని అందులో రాశారు. ఆ వాటా వసూలు చేసిపెట్టడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది. గొంతు సాధన ఎంత ముఖ్యమో, సంతకం పెట్టేముందు కాగితం చదవడం అంతే ముఖ్యం.

"ఆది ఎంచుకున్నది కోట్లమంది మాట్లాడే తమిళం కదా, మన పల్లె తెలుగు ఎవరు వింటారు?" అని మా తమ్ముడు అడిగాడు. వాడికి నేను కి.రా. గురించి చెప్పాను. కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. హైస్కూలు చదువు కూడా పూర్తికాలేదు. ముప్పై దాటాకే కథలు మొదలుపెట్టారు. పండితుల తమిళం జోలికి పోకుండా, ఆ రేగడినేల రైతులు మాట్లాడే మాటనే కాగితం మీద పెట్టారు. ఊరూరా తిరిగి మాటలు ఏరి, ఆ యాసకు నిఘంటువే తయారుచేశారు. ఉత్తరం నుంచి వలసొచ్చిన తెలుగు కుటుంబాలు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను 'గోపల్ల గ్రామం'గా రాశారు. దాని తరువాయి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బడి సగంలో వదిలిన ఆ మనిషిని పుదుచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి ఆచార్యుడి కుర్చీలో కూర్చోబెట్టింది. 2021లో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. పదిమంది నవ్వే యాసలో రాసిన మనిషికి దక్కిన మర్యాద అది.

ఇంకా వెనక్కి వెళ్తే మధుర కోటలోనే మనకు సాక్ష్యం ఉంది. కృష్ణా జిల్లాలోని మువ్వ నుంచి వచ్చిన క్షేత్రయ్య తిరుమల నాయకుడి కొలువులో పదాలు పాడాడని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇంట్లో ఆడవాళ్ళు అలిగి మాట్లాడుకునే తెలుగే ఆ పదాల్లో పాటయింది. పద్యమే కావ్యమనుకునే రోజుల్లో మధుర నాయక రాజు విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచనం రాశాడు. నోటి తెలుగుకు కొలువులో పీట వేసిన ఊళ్ళు మనవి. వాటిలో పుట్టి నోటి తెలుగుకు సిగ్గుపడటం నాకిప్పుడు ఎంతో అన్యాయంగా అనిపిస్తుంది.

ర్యాప్‌కు అక్షరం రాకపోయినా ఫరవాలేదు, చెవి కావాలి. నాలుగు దెబ్బల లెక్క తప్పకుండా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసి మాట్లాడటమే అందులో మొదటి పాఠం. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి పాదం చివర ప్రాస దానంతటదే పడుతుంది. తమిళం కలిసిన మన తెలుగులో హల్లుతో తెగిపడే మాటలు కూడా ఉన్నాయి. ఆ రెంటినీ ఒకదాని పక్కన ఒకటి పెడితే వచ్చే ఊపు వేరే. హైదరాబాదులో నోయెల్, రోల్ రైడా లాంటివాళ్ళు తెలుగు ర్యాప్‌ను జనం నోట్లో పెట్టారు. వాళ్ళ ఊరి తెలుగు వాళ్ళు పాడారు.

మన తెలుగులో, 'ఉండాది' అనే తెలుగులో, ఇంతవరకూ ఒక్క ర్యాప్ పాటైనా నా చెవిన పడలేదు. కోయంబత్తూరు పీళమేడులోనో, మధుర సందుల్లోనో, అరుంధతీయుల కాలనీలోనో ఉన్న చెల్లీ, తమ్ముడూ, ఈ ఆదివారం మీ అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఒక గంట ఆమె మాట రికార్డు చెయ్యండి. ఆమె తిట్లు, సామెతలు, వలస కథలు అన్నీ రానివ్వండి. అందులోంచి నాలుగు పాదాలు కట్టి పాడండి. తమిళ అక్షరాలతో రాసుకున్నా తప్పులేదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మీరు మాత్రం నాలాగా రెండు రోజులు నోరు మూసుకుని కూర్చోకండి.