సంస్కృతిని చదవబోయే మేనకోడలికి



సమాజశాస్త్రాల్లో సంస్కృతికి ఒకే నిర్వచనం లేదు. క్రోబర్, క్లక్‌హాన్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞులు 1952లో వాటిని పోగుచేస్తే నూట అరవైకి పైగా తేలాయి. అన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ముఖ్యమైనవి నాలుగు, ఆ నాలుగూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే కనిపిస్తాయి.

మొదటి అర్థం కళలు, విద్వత్తు, మెరుగైన అభిరుచి. ఇంగ్లండులో మాథ్యూ ఆర్నల్డ్ 1869లో సమర్థించింది దీన్నే. విజయనగరానికి సాంస్కృతిక రాజధాని అన్న పేరు ఈ లెక్కన వచ్చిందే. 1919లో మహారాజావారు నెలకొల్పిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పి, 1936లో అధ్యక్షుడయ్యాడు. ఘంటసాల, సుశీల అక్కడ చదివినవారే. అయితే ఈ అర్థంలో సంస్కృతి కొందరికే ఉంటుంది, తక్కినవారికి ఉండదు. చిక్కంతా అక్కడే.

రెండో అర్థం ఆ చిక్కు విప్పింది. సమాజంలో ఒకడిగా మనిషి నేర్చుకునే విజ్ఞానం, నమ్మకం, కళ, నీతి, ఆచారం, అలవాటు అన్నీ సంస్కృతేనని ఎడ్వర్డ్ టైలర్ 1871లో చెప్పాడు. ఆ ప్రకారం సంస్కృతి లేని మనిషి లేడు. పొందూరులో ఖద్దరు నూలు వడికే ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేస్తారు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, చేతులతో పట్టుకోవలసిన విద్య అది. టైలర్ మాత్రం సమాజాలను ఆటవికం నుంచి నాగరికం దాకా మెట్లుగా పేర్చాడు. ఫ్రాంజ్ బోయస్ ఆ మెట్లను కాదని, ఏ సంస్కృతినైనా దాని చరిత్రలోంచే చూడాలన్నాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి ఆచరణలో చేసిందీ అలాంటిదే. ఆయన సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకు బడులు పెట్టించాడు, 1931లో ఆ భాషపై ఇంగ్లీషులో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించాడు.

మూడో అర్థంలో సంస్కృతి అంటే మనుషులు తమ పనులకు ఇచ్చుకునే భావం. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973లో దీన్ని విస్తరించాడు. దసరా తరవాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరుగుతుంది. కొత్తవాడి కంటికి అది పొడవాటి చింతమాను కొసన ఆసనంలో కూర్చున్న పూజారి మాత్రమే. ఊరివాళ్లకు ఆ ఘడియలో అతడే అమ్మవారు. సిరిమాను ముందు నడిచే బెస్తవారి వల, పెద్దచెరువులోంచి అమ్మవారి విగ్రహాన్ని పైకి తీసినవారికి దక్కిన గౌరవం. అమ్మవారి కథలో 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఉంది. ఇవి తెలియకుండా ఊరేగింపును ఎంత వివరంగా రాసుకున్నా అది పైచూపే.

నాలుగో అర్థం అధికారానికి సంబంధించినది. అభిరుచి కూడా ఆస్తిలాగే తరగతుల మధ్య గీత గీస్తుందని పియర్ బోర్దియు 1979లో వివరించాడు. గుండెకు రేకు తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే తప్పెటగుళ్లకూ ఏళ్ల సాధన కావాలి. అయినా కచేరీ శాస్త్రీయం అనిపించుకుంటుంది, తప్పెటగుళ్లు జానపదంగా మిగులుతాయి. సినిమాల్లో ఇక్కడి యాస ఎక్కువగా నవ్వించడానికే పనికొచ్చింది. పై కులాల ఆచారాలు పట్టి హోదా పెంచుకునే ప్రయత్నాన్ని ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో సంస్కృతీకరణం అన్నది కూడా ఈ కోవలోనిదే.

ఈ అర్థాలు ఒకదానితో ఒకటి తగవు పడతాయి కూడా. 1892లో విజయనగరంలో రంగమెక్కిన కన్యాశుల్కం నాటకం మొదటి అర్థంలో సంస్కృతి. అది దెబ్బకొట్టిన ఆచారం, పెళ్లి పేరిట ఆడపిల్లల అమ్మకం, రెండో అర్థంలో సంస్కృతి. అలాంటి పెళ్లిళ్ల జాబితాను అప్పటి మహారాజు తయారు చేయించాడు. కాబట్టి ఒక ఊరి సంస్కృతి అంటే ఊరంతా ఒప్పుకున్నది అని కాదు. "ఇది మా సంస్కృతి" అన్న మాట వినిపించినప్పుడు అన్నది ఎవరు, దానివల్ల ఎవరికి మేలు, ఎవరిని అడగలేదు అన్నవి రాసుకోవలసిన ప్రశ్నలు.

క్షేత్రంలో తొలిసారి దిగేవారు ఎక్కువగా చేసే పొరపాటు సంస్కృతిని కారణంగా చూపించడం. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా పడవ పనికి పోతారు. వలస వాళ్ల సంస్కృతి అని రాస్తే పరిశీలన అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడి తీరంలో పెద్ద మరపడవలకు రేవు లేకపోవడం, వేట గిట్టకపోవడం, ముందుగా తీసుకున్న అడ్వాన్సు, తోడు తీసుకుపోయే బంధువులు లెక్కలోకి వస్తే విషయం తెలుస్తుంది. సంస్కృతి వివరించవలసిన విషయం. వివరణ బదులు వాడుకునే మాట కాదు.

శుభాశీస్సులతో,
మామయ్య